విమానం తొక్కని నిమ్మకాయలు

రత్నమాలకి మ్యూజియం ట్రస్టీలంటే ఒళ్ళుమంట. ఆ మంటను దాచుకునే అలవాటు కూడా ఆవిడకి లేదు. బేగంపేట విమానాశ్రయం ఆఫీసులో టైపిస్టుగా చేరి టైపిస్టుగానే రిటైరైన మనిషి. రోజూ నెత్తిమీద నుంచి విమానాలు పోతుంటే కింద కూర్చుని ఉత్తరాలు కొట్టింది గానీ, ఒక్కదాంట్లోనూ కాలు పెట్టలేదు. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, కొండాపూర్ దారిలో ఉన్న విమానాల మ్యూజియంలో వలంటీరుగా చేరింది. బాలానగర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది.

మ్యూజియమంటే ఏదో ఊహించుకోకండి. ఒక రేకుల షెడ్డు, రెండు పాత ఇంజన్లు, గోడ నిండా ఫోటోలు. నడిమధ్య ఒక చిన్న విమానం. ఒకప్పుడు ఫ్లయింగ్ క్లబ్బులో కుర్రాళ్ళకి ఎగరడం నేర్పిన రెండు సీట్ల విమానం అది. బడిపిల్లలు వస్తే రత్నమాల వాళ్ళని స్టూలెక్కించి లోపలి మీటర్లు చూపించేది. ఎవరూ లేనప్పుడు రెక్క మీద చెయ్యేసి కాసేపు అలా నిలబడేది. ఆవిడకి విమానయోగం అంతే.

ఇక ట్రస్టీలు. అధ్యక్షుడు రంగనాథ్ బిల్డింగ్ కాంట్రాక్టరు. కార్యదర్శి ఉదయ్ భాస్కర్‌ది అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్ సెంటరు. మిగతా ముగ్గురూ ఫోటోలో ఖాళీ కనపడకుండా ఉండటానికి పనికొచ్చేవాళ్ళు. రేకులు కారుతున్నాయి మొర్రో అని రత్నమాల మొత్తుకుంటుంటే, వాళ్ళు కట్టబోయే కొత్త భవనానికి పేరేం పెట్టాలని సమోసాలు అయిపోయేదాకా కొట్టుకున్నారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! “మీకు విమానం మీద ప్రేమ కాదండీ, విజిటింగ్ కార్డు మీద” అని రత్నమాల మొహం మీదే అనేసింది. వాళ్ళు నవ్వి ఊరుకున్నారు. సిగ్గులేనివాళ్ళని తిట్టడమంత దండగ పని ఇంకోటి లేదు.

షెడ్డుకి కాపలా పెంటయ్య. పాలమూరు నుంచి వచ్చి చేరాడు. కాపలా అతని ఉద్యోగం. విమానాన్ని రోజూ తడిగుడ్డతో తుడవడం మాత్రం ఎవరూ చెప్పకుండా తనే పెట్టుకున్న పని. ఊరినుంచి ఎవరొచ్చినా తీసుకొచ్చి “గిది మా విమానం” అని చూపించేవాడు. రత్నమాల అతన్ని ఎప్పుడూ ఒక్క దురుసు మాట అనలేదు. ఊడ్చావా, టీ తెచ్చావా అనే రెండు ప్రశ్నలు తప్ప వేరే మాటా పెద్దగా ఆడలేదు.

తొంభై ఎనిమిదిలో హైటెక్ సిటీ గుండ్రటి భవనం లేచింది. చుట్టూ బండలు పేల్చేస్తున్నారు, రోడ్లు వెడల్పు చేస్తున్నారు. రోడ్డుకి షెడ్డు అడ్డమొచ్చింది. సర్కారు కమిటీ ఒకటి వచ్చి చూస్తుందనీ, విమానం జనానికి చూపించదగ్గ స్థితిలో ఉంటే పక్కనే వేరే జాగా ఇస్తారనీ, లేకపోతే అంతా తుక్కు కింద పోతుందనీ కబురొచ్చింది. కమిటీ వచ్చేది ఒక్కసారే.

ట్రస్టీలు అత్యవసర సమావేశం పెట్టారు. రంగనాథ్ గొంతు సవరించుకున్నాడు.

“శుభమా అని కమిటీ వస్తోంది. వాళ్ళ ముందే పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిద్దాం. స్కూటర్ కొన్నా తొక్కిస్తాం కదా!”

“బ్రహ్మాండమైన ప్రెజెంటేషన్ అవుతుంది సార్” అన్నాడు ఉదయ్ భాస్కర్.

తొక్కిస్తే ఏమవుతుందో రత్నమాల ఒక్కదానికే తెలుసు. ఆ విమానం తన కాళ్ళ మీద నిలబడి లేదు. రెక్కల కింద రెండు ఇనుప స్టాండ్లున్నాయి, నిమ్మకాయలు తొక్కించాలంటే అవి తీయాలి. టైర్లు పాడవకుండా పెట్టారని అందరూ అనుకునేవాళ్ళు. దాన్ని మ్యూజియానికిచ్చిన ముసలి ఇంజనీరు పోయేముందు ఆవిడకి చెప్పాడు: దీని కుడిచక్రం కాలు ఎప్పుడో విరిగింది, పైకి కనపడకుండా అతికించాం, స్టాండు తీస్తే నిలవదు అని.

అక్కడే లేచి చెప్పింది. “అపశకునం మాటలెందుకండీ?” అన్నారు. మర్నాడు ఫోన్ చేసి చెప్పింది. “నోట్ చేసుకున్నామండీ” అన్నారు. పూజకి ముందురోజు ఎదురుపడి చెప్పింది. “అమ్మా, మీరు కాస్త టీల సంగతి చూడండి” అన్నాడు రంగనాథ్.

కమిటీ వచ్చింది. రంగనాథ్ పట్టుపంచె కట్టాడు. విమానం ముక్కుకి బంతిపూల దండ, పసుపు, కుంకుమ. మూడు చక్రాల ముందు మూడు నిమ్మకాయలు. పంతులుగారు మంత్రం చదువుతుంటే ట్రస్టీలు కెమెరా వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నారు. రత్నమాల టీ ఫ్లాస్కు పట్టుకుని గోడవార నిలబడి పళ్ళు నూరుకుంది. మూడుసార్లు చెప్పాను, నాలుగోసారి చెప్పడానికి నేనేమన్నా వీళ్ళింటి పాలేరునా? బయటపడనీ వీళ్ళ తెలివి, నలుగురిలో!

“ఊఁ, కానివ్వు పెంటయ్యా!” అన్నాడు రంగనాథ్.

పెంటయ్య ఎడమ స్టాండు తీశాడు. ఏమీ కాలేదు. కుడిరెక్క కిందకి దూరి రెండో స్టాండు గుంజాడు. లోపల ఏదో పుటుక్కుమంది. పెంటయ్య పక్కకి దొర్లాడు. విమానం కుడివైపు కూలబడింది. రెక్క నేలకి కొట్టుకుని మధ్యకి విరిగింది, ముందున్న చెక్క పంకా రెండు ముక్కలైంది.

కమిటీ పెద్దాయన రుమాలుతో దుమ్ము దులుపుకుని “ఇంకేం చూస్తామండీ” అని కారెక్కాడు. “దిష్టి తగిలింది, గుమ్మడికాయ ముందే కొట్టాల్సింది” అని రంగనాథ్ తేల్చాడు. ఉదయ్ భాస్కర్ అప్పుడే పూజకొచ్చిన పేపరు విలేకరిని పక్కకి తీసుకెళ్ళి, కంప్యూటర్ మ్యూజియం పెట్టే ఆలోచన ఉందని చెబుతున్నాడు. విమానం కూలి పావుగంట కాలేదు! అందరూ తలా ఒక ప్రసాదం పొట్లం పట్టుకుని వెళ్ళిపోయారు.

షెడ్డులో ఇద్దరే మిగిలారు. నిమ్మకాయలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పెంటయ్య మోచేయి దోక్కుపోయి రక్తం కారుతోంది. రత్నమాల కొంగు చింపబోతే వద్దన్నాడు.

“ఇది పడతదని నీకెర్కనా అమ్మా?”

“తెలుసు. మూడుసార్లు చెప్పాను ఆ దద్దమ్మలకి. వింటేగా! వాళ్ళ మొహాలు చూశావా ఇవాళ?”

పెంటయ్య తను గుంజిన స్టాండుని తీసి గోడకి ఆనించాడు.

“గా పెద్దమనుషులకు మూడుసార్లు చెప్పితివి. స్టాండు గుంజింది నేను. దాని కిందున్నది నేను. నాకొక్కపారి చెప్పకపోతివి గదమ్మా. చెప్తే చెయ్యి పెడ్తుంటినా?”

పెంటయ్య బకెట్టు తెచ్చుకుని, తడిగుడ్డ పిండి, విరిగిన రెక్క మీది పసుపు తుడవడం మొదలుపెట్టాడు.