పిండిలో బూటు అడుగు

దెయ్యాల మాటెత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. క్లాంగ్‌లో డోబీ కొట్టు నడుపుతున్నాను, అంటే ఊళ్ళోవాళ్ళ బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి ఇవ్వడం. పోయినవాళ్ళ బట్టలు కూడా తెస్తారు, ఉతికిస్తే ఎవరికైనా ఇచ్చేస్తామని. ఇన్నేళ్ళలో ఒక్క చొక్కా కూడా నాతో మాట్లాడలేదు. అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే చూసింది చూసినట్టు చెప్పేసి బరువు దించుకుందామనే. నమ్మమని మిమ్మల్ని బతిమాలను.

మా కొట్లో ఇస్త్రీ చేసే రాజుది బర్మా. తెలుగువాడే. మా తాతలూ వాళ్ళ తాతలూ విశాఖ రేవులోనే ఓడలెక్కారు. మావాళ్ళు ఈ దేశం వచ్చి సుంగై సుమున్ తోటల్లో కూలీలుగా పడ్డారు, వాళ్ళ ఓడ రంగూన్ పోయింది. అంతే తేడా. ఆ తేడా ఎంత పెద్దదో రాజు వచ్చాకే తెలిసింది.

అక్కడ అంతర్యుద్ధం మొదలయ్యాక కుర్రాళ్ళని ఇళ్ళలోంచి పటాలానికి పట్టుకుపోయారు. కాగితాల దగ్గర మనవాళ్ళు పరాయివాళ్ళు. చేతికి తుపాకి ఇచ్చేటప్పుడు మాత్రం సొంతవాళ్ళయిపోయారు. రాజు కొన్ని నెలలు ఆ బతుకు బతికి, శిబిరం నుంచి పారిపోయి, థాయిలాండ్ అడవుల మీదుగా ఇక్కడ తేలాడు. అతను దొరక్కపోయేసరికి ఇంట్లో మిగిలిన తమ్ముణ్ణి, సింహాద్రిని, తీసుకుపోయారు. ఆ తర్వాత సింహాద్రి నుంచి కబురు లేదు. వాడు ఉన్నాడో లేడో తెలియక రాజుకి తిండి సయించేది కాదు.

మా పిల్లలకి తెలుగు అర్థమవుతుందిగానీ నోరు తిరగదు, రెండు మాటలకే తమిళంలోకి జారిపోతారు. తెలుగులో కబుర్లాడ్డానికి మా అమ్మకి రాజు దొరికాడు. సాయంత్రం టీ వేళ ఇద్దరూ కొట్టు వెనక కూర్చునేవాళ్ళు. ఆవిడవి తోట కబుర్లు, అతనివి పటాలం కబుర్లు.

వానలు పడేలోపు గొడవ సర్దుకుంటుందని మొదట్లో ఆఫీసర్లు అన్నారట. పట్నాలూ రోడ్లూ పట్టుకుని కూర్చుంటే, అడవిలో ఉన్న తిరుగుబాటు కుర్రాళ్ళు ఆకలికి తట్టుకోలేక దిగొస్తారని వాళ్ళ లెక్క. వాళ్ళు దిగిరాలేదు సరికదా, రోడ్ల కింద మందుపాతరలు పెట్టారు. దాంతో పటాలం వాళ్ళు బలవంతంగా తెచ్చినవాళ్ళని వరసలో ముందు నడిపించారు. వెనకవాడు ముందువాడి అడుగులోనే అడుగు వెయ్యాలి. ముందువాడు పేలిపోకపోతే ఆ చోటు మంచిదన్నమాట. అదీ వాళ్ళ యుద్ధ తంత్రం! ఆ తంత్రం పన్నిన మహానుభావులు మాత్రం రోడ్డు మీద నడిచేవాళ్ళు కారట.

"మరి నీ తమ్ముడు ముందుంటాడా, ఎనకుంటాడా?" అని అమ్మ అడిగింది.

"కొత్తోడు కదా మామ్మా. ముందే ఉంటాడు."

అమ్మకి గుండె జబ్బు ముదిరింది. ఇంక ఇంటికి తీసుకుపొమ్మని ఆస్పత్రిలో చెప్పేశారు. ఆఖరి రోజుల్లో ఓ మధ్యాహ్నం రాజుని పిలిచి నా ఎదుటే అంది: "నానెలాగూ ఎల్లిపోతన్నాను. నీ తమ్ముడు అక్కడున్నాడో నేదో సూత్తాను. ఉంటే ఎంటబెట్టుకొత్తాను, పిండిలో సూసుకో. నేకపోతే బతికున్నట్టే, బెంగెట్టుకోకు."

"ఊరుకోయే అమ్మా, ఆడి బాధ ఆడికి సాలదా?" అని కసిరాను. రాజు మాత్రం ఆవిడ చెయ్యి పట్టుకుని తలూపాడు.

పిండి సంగతి ఏమిటంటే, మా ఇళ్ళలో మనిషి పోయాక పెద్దదినం ముందురోజు ఆ మనిషి పడుకున్న చోట బియ్యపు పిండి పల్చగా చల్లి, దీపం పెట్టి తలుపేస్తారు. తెల్లారాక తీసి చూస్తారు. పిట్ట కాలు కనిపిస్తే పిట్టయి పుట్టినట్టు, పసిపాదం కనిపిస్తే మళ్ళీ మనింట్లోనే పుట్టినట్టు. బొద్దింక తిరిగినా పెద్దవాళ్ళు అందులో ఏదో ఒకటి చూస్తారు. అమ్మ పోయాక నేను దీనికి ఒప్పుకున్నది ఇపో ఊరి నుంచి వచ్చిన మా అన్నతో గొడవెందుకని. పిండి నేనే చల్లాను, తాళం నేనే వేశాను, తాళంచెవి నా బొడ్డులోనే ఉంది. కిటికీకి ఇనప చువ్వలున్నాయి.

పొద్దున్న అన్నా, నేనూ, రాజూ కలిసే తలుపు తీశాం. గది మధ్యలో ఒకే ఒక్క అడుగు ఉంది. బూటుది. అడుగున అడ్డగీతలతో సహా అచ్చుదిగింది. ఆ బూటు జాడలో, సరిగ్గా దాని లోపల, చిన్న ఉత్తపాదం. కుడికాలు. బొటనవేలు పక్కవేలు లేదు. తోటలో కలుపు కోస్తుంటే కత్తి పడి మా అమ్మకి తెగిపోయిన వేలు అదే.

ముందు రాజునే అనుమానించాను, దాచడం ఎందుకు! కానీ గుమ్మం నుంచి ఆ అడుగు దాకా పిండి చెక్కుచెదరలేదు. మా ఇంట్లో ఎవరికీ బూట్లు లేవు, అందరం చెప్పులవాళ్ళమే. పోనీ బూటు ఎక్కడో తెచ్చాడనుకున్నా, మా అమ్మ కాలు ఎక్కడ తెస్తాడు?

రాజు గుమ్మంలో కూలబడ్డాడు. "ముందు ఆడు నడిసినాడు, ఎనక మామ్మ" అన్నాడు.

ఆ రోజే సముద్రం ఒడ్డున అమ్మకి పిండం పెడుతుంటే, రాజు తన తమ్ముడికీ ఒకటి పెడతానన్నాడు. "బతికున్నాడేమో! బతికున్నోడికి పిండం ఎట్టేత్తావేట్రా?" అని అందరి ముందూ అరిచాను.

"మామ్మ అబద్ధమాడదక్కా" అని పెట్టేశాడు. కాకి ముందు వాలింది దాని మీదే. నాకు ఏడుపొచ్చింది, కోపంతో.

కొన్నాళ్ళకి బర్మా నుంచి వాళ్ళమ్మ ఫోను. పటాలం వాళ్ళు ఇంటికొచ్చి సింహాద్రి పారిపోయాడని చెప్పారట. ఆవిడకి పట్టరాని సంతోషం. అన్న దగ్గరికే బయల్దేరి ఉంటాడని నమ్మకం. నాకు ఒళ్ళు మండిపోయింది. చచ్చాడంటే శవం చూపించాలి. పారిపోయాడంటే ఏదీ చూపించక్కర్లేదు.

లేదా నిజంగానే పారిపోయాడేమో. అలా అయితే ఈపాటికి ఏ అడవిలోనో నడుస్తుండాలి, మేమేమో పిండం పెట్టేశాం. ఈ రెంటిలో ఏది నిజమో తెలియక నాకే నిద్ర పట్టడం లేదు, ఇంక రాజు సంగతి చెప్పాలా?

రాజు వాళ్ళమ్మ వారం వారం ఫోను చేసి ఒకటే అడిగేది, ఒచ్చినాడా అని. దారిలో ఉంటాడు, ఇంకా రాలేదు అని రాజు నెట్టుకొచ్చాడు. మొన్న నేను పక్కనే బట్టలు మడతపెడుతుండగా మళ్ళీ చేసింది. దగ్గుతోంది, గొంతు పూర్తిగా పడిపోయింది. రాజు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి గోడవైపు తిరిగాడు.

"ఒచ్చినాడమ్మా" అన్నాడు. "తొంగున్నాడు."

ఫోను స్పీకర్లో ఆవిడ ఏడుపూ నవ్వూ కలిసి వినిపించాయి. అంతలోనే గొంతు తగ్గించేసింది, వాడికి ఎక్కడ మెలకువ వస్తుందోనని.

"నేపకురా. అలిసిపోయుంటాడు, తొంగోనీ."

నేను ఇప్పటికీ దెయ్యాల్ని నమ్మను. కానీ రేపు ఆ తల్లి వాణ్ణి లేపమంటే ఏం చెప్పాలో తెలీదు.