రమణయ్య క్యారమ్ బోర్డులు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది సూళ్లూరుపేట సివిల్ కోర్టు నన్ను ఒక దావాలో అడ్వకేట్ కమిషనర్‌గా నియమించింది. జడ్జిగారి తరఫున చోటికి వెళ్లి, ఉన్నది కొలిచి, చూసింది రాసివ్వడం కమిషనర్ పని. తప్పెవరిదో చెప్పే అధికారం ఉండదు.

వాది రమణయ్య. దొరవారిసత్రంలో ఆటవస్తువులు అమ్ముతాడు. ప్రతివాది క్యారమ్ బోర్డులు చేసే కంపెనీ. బోర్డులు వంగిపోయే వచ్చాయని ఆయన వాదన. పులికాట్ సరస్సు చెమ్మలో ఉంచి ఆయనే పాడుచేశాడని కంపెనీ వాదన. ఊరు మూడోది కనిపెట్టింది: గడప దక్షిణానికి ఉంది కనక ఆ అంగట్లో ఏదీ నిలవదట. కొనేవాళ్లు మానేశారు, చుట్టాలూ అటు తొంగిచూడటం లేదు. వంకర చెక్కకు దిక్కును దోషిని చేసే ఈ తెలివిని నేను వేదికలెక్కి ఏళ్లతరబడి తిట్టాను. రమణయ్య దాన్ని కోర్టులో ఓడించదలిచాడు. ఓడిపోతే అంగడికి తాళమే.

ఇరుపక్షాలకూ నోటీసులిచ్చి తనిఖీకి వెళ్లాను. బోర్డు మీద మూల నుంచి మూలకు ఇనుప స్కేలు నిలబెడితే, కింద వెలుతురు కనిపించినంత మేర వంపు. స్కేలు పెట్టబోయి ఆగాను. చెక్క తడిగా ఉంది. నాలుగు మూలలా పసుపు, కుంకుమ.

"బోర్డులకి పెళ్లి చేసినట్టుండాడే సార్" అన్నాడు కంపెనీ వకీలు.

తడవనిది ఒక్కటైనా ఉందా అని రమణయ్యను అడిగాను.

"ఒక్కదాన్నీ వదల్లేదు సార్. ప్యాకింగులో ఉండేవీ ఇప్పినా. కోర్టే మా అంగడికి వస్తా ఉంటే దుమ్ముతో చూపిస్తానా? తెల్లారగానే కడిగి బొట్లు పెట్టినా."

వంపు ఎంతో రాశాను, తడి ఉందని రాశాను. వంపు తడికి ముందుదో తర్వాతదో నేను చూడలేదు కనక రాయలేదు. రుజువు లేదని దావా కొట్టేశారు.

కొన్ని నెలలకు ఆ దారిన పోతూ చూస్తే షట్టరు సగం దించి ఉంది. లోపల రమణయ్య ఒక్కడే క్యారమ్ ఆడుకుంటున్నాడు, రెండు పక్కలా తనే. దావా ముగిసింది కనక ఎదురుగా కూర్చున్నాను. నేను వదిలిన స్ట్రైకర్ దానంతటదే పక్కకు జారింది.

"కడగొద్దని ముందు ఒక్క మాట చెప్పుంటే, నీళ్లు తగలనిచ్చేవాణ్ణా సార్?" అన్నాడు, కాయల మీంచి తల ఎత్తకుండానే.

ఆ తర్వాత నేనిచ్చిన ప్రతి తనిఖీ నోటీసులోనూ ఒక వాక్యం చేర్చాను: కమిషనర్ చూసేదాకా వస్తువును కడగరాదు, తుడవరాదు, పూజ చేయరాదు. మూఢనమ్మకాల మీద నేను దంచిన ఉపన్యాసాలన్నిటికన్నా ఆ ఒక్క వాక్యమే ఎక్కువ పనికొచ్చింది.