నైరుతి గేటు

బండ పగిలేటప్పుడు పెద్ద శబ్దమేమీ రాదు. ఎండుపుల్ల విరిచినట్టు టిక్కుమంటుంది, అంతే. కానీ ఆ చప్పుడు వింటే నేను ఇప్పటికీ చేస్తున్న పని ఆపేస్తాను. నిన్న మధ్యాహ్నం నా గదిలో క్యారేజీ విప్పుకుని అన్నం ముందు కూర్చున్నాను. బయట హమాలీలు ఒక ముడిబండను మోసుకొస్తూ మధ్యలో దించి, చేతులు మార్చుకుని మళ్ళీ ఎత్తారు. టిక్కుమంది. ముద్ద నోటిదాకా పోలేదు. అక్కడ ఎవరూ ఎవర్నీ తిట్టలేదు గానీ, నా చెవిలో మాత్రం ఓబులేసు సార్ గొంతు ఖంగుమంది. "ఎవడప్పా వాడు, బండను చంటిబిడ్డను ఆడించినట్ల ఆడిస్తాండేది?" ఆయన పోయి చాలా కాలమైంది. ఆ గొంతు పోలేదు.

తాడిపత్రిలో నేలకు పరిచే బండలు కోసి నునుపు పెట్టే యూనిట్లకు కొదవలేదు. అలాంటి ఒక యూనిట్‌లో ఓబులేసు సార్ మేనేజరు. గార్లదిన్నెలో బస్సెక్కి వచ్చి, డిగ్రీ కాగితం చేతపట్టుకుని, సరుకు బయటికి పంపే పనిలో ఆయన కింద చేరాను. అంతకుముందు నేను ఫ్యాక్టరీ అనేదాన్ని లోపల చూసి ఎరగను. సార్ మనిషి బక్కపలచన, నోరు మాత్రం గంపంత. ఒకర్ని మెచ్చుకుంటే తన ఆస్తి కరిగిపోతుందన్నట్టు ఉండేవాడు. ఆయన సౌమ్యుడని నేను రాస్తే ఆయన్ని ఎరిగినవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతారు.

మొదటిరోజు నాకు కుర్చీ చూపిస్తాడనుకున్నాను. బండను చూపించాడు. లారీ మీంచి అప్పుడే దిగుతోంది.

"పాపా, దీని వెంబడే పో. అది యాడికి పోతే ఆడికి పో. అది నిలబడితే నువ్వూ నిలబడు."

ఆ ఎండలో ఒక రాతిముక్క వెంట రోజంతా తిరిగాను. దించారు. కోత మిషను దగ్గరికి మోశారు. కోశాక గోడకు ఆనించారు. వెనకనున్న బండ కావాలని దీన్ని పక్కకు జరిపారు. మళ్ళీ ఎత్తి నునుపు పెట్టే మిషను మీద పెట్టారు. మళ్ళీ దించారు. పొద్దు వాలేసరికి నా చీర కుచ్చెళ్ళ నిండా తెల్లటి రాతిబురద. హమాలీలు నన్ను చూసి ముసిముసిగా నవ్వుతున్నారు. సార్ బీడీ పారేసి అడిగాడు.

"ఏం చేసినారు బండను?"

"కోసినారు, నునుపు పెట్టినారు సార్."

"ఆ రెండింటికీ కొనేవాడు దుడ్లిస్తాడు. మిగతా పొద్దంతా ఏం చేసినారు?"

"ఎత్తినారు, దించినారు."

"దానికెవడిస్తాడు? మీ నాయనిస్తాడా?"

మా నాయన కూలికి పోయే మనిషి. నాకు ఒళ్ళు మండింది. ఆయన అదేమీ గమనించలేదు. "ఎత్తినప్పుడల్లా లాభం అరుగుతాది పాపా. కూలి పోతాది, పొద్దు పోతాది, మూల ఊడితే బండే పోతాది. ఫ్యాక్టరీలు అమ్మకాల్లో మునగవు, మోతలో మునుగుతాయి. ఇది పుస్తకాల్లో ఉండాదో లేదో నాకు తెల్దు, ఈ మట్టిలో మాత్రం ఉండాది." ఆ మాట కోసమే ఆయన నన్ను ఎండలో ఎండబెట్టాడని అర్థమయ్యేసరికి నా కోపం సగం చల్లారింది. తక్కిన సగం చాలా రోజులు ఉండింది.

నేను చేరిన కొత్తలోనే ఆయన తన జీవితంలోకెల్లా పెద్ద పని చేశాడు. క్వారీ నుంచి వచ్చే దారి మా ఆవరణకు నైరుతి మూలన తగులుతుంది. ఉన్న ఒక్క గేటేమో దానికి సరిగ్గా ఎదురుమూల, ఈశాన్యంలో. ముడిబండల లారీ చుట్టూ తిరిగి ఆ గేటుకు రావాలి, వచ్చిన బండను హమాలీలు ఆవరణంతా మోయాలి. సార్ నైరుతి మూల గోడ పగలగొట్టించి కొత్త గేటు పెట్టించాడు. లారీ వెనక్కి వచ్చి నేరుగా కోత మిషను పక్కనే ఆగేది. దాని వెనకే నునుపు మిషను, దాని వెనకే పాత గేటు. బండ ఒక మూల లోపలికి వచ్చి, తిన్నగా నడిచి, ఎదురుమూల బయటికి పోయేది. హమాలీల మేస్త్రీ మస్తాన్ మొదట మొహం గంటు పెట్టుకున్నాడు.

"మోత తగ్గితే మా కూలి తగ్గుతాది గదా సార్."

"దినానికి రెండు లార్లు దించేచోట నాలుగు దించుతావు. నడుము మిగిల్తే ముసిలితనంలో గూడా నిలబడతావు లేరా."

అలాగే జరిగింది. ఆ రంజానుకు మస్తాన్ ఇంటినుంచి సార్‌కు గిన్నెడు సేమ్యా వచ్చింది. మా ఓనరు నాగభూషణానికి కొత్త కారు వచ్చింది, ఇంటిమీద ఇంకో అంతస్తు లేచింది. అదంతా తన చేతి చలవ అనుకున్నాడాయన. అయినా ఓబులేసు సార్‌కు అందరిముందూ శాలువా కప్పాడు. ఈ ఎండల్లో శాలువా!

తర్వాత టైల్స్ వచ్చాయి. బండలకు గిరాకీ ఊరందరికీ తగ్గింది. నాగభూషణానికి మాత్రం తనొక్కడికే తగ్గినట్టనిపించింది. బావమరిది మాట పట్టుకుని వాస్తు సిద్ధాంతిని పిలిపించాడు. ఆయన అరచేతిలో దిక్సూచి పెట్టుకుని ఆవరణంతా కలియదిరిగి, నైరుతి గేటు ముందు ఆగి చెవులు మూసుకున్నాడు.

"శివశివా! నైరుతిలో నోరు తెరిచి పెట్టుకున్నారే! లక్ష్మి ఎట్లా నిలుస్తుంది నాయనా? ఇది మూసెయ్యాలి. ఇక్కడ బరువుండాలి. ఈశాన్యంలో నీళ్ళుండాలి."

ఓబులేసు సార్ నాస్తికుడేమీ కాదు. ప్రతి శుక్రవారం మిషన్లకు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టనిదే స్విచ్చు వేయనిచ్చేవాడు కాదు. అయినా ఆరోజు ఓనరు గదిలో ఆయన గొంతు రోడ్డు దాకా వినిపించింది.

"అన్నా, దేవునికి దండం పెడతా. దేవుడొచ్చి బండ మోస్తాడా? ఈడ మూసేస్తే ముడిబండ ఆ మూల దిగల్ల, ఈ మూలకు మోయల్ల, మళ్ళా కోతకు వెనక్కి మోయల్ల. ఉన్న రవ్వంత లాభం దారిలోనే రాలిపోతాది. బండకు దిక్కులు తెలీవన్నా, దూరం తెలుస్తాది."

నాగభూషణం నవ్వాడు. కోప్పడినా బాగుండేది. పిచ్చివాణ్ణి చూసి పెద్దమనిషి నవ్వే నవ్వు అది. "నీకు నమ్మకం లేదని నా ఇల్లు గుల్ల చేసుకోమంటావా ఓబులేసూ?"

గేటు పీకేసి గోడ కట్టారు. ఈశాన్యంలో బోరు వేశారు, దుమ్ము లేచింది. అయినా పట్టు వదలకుండా అక్కడే నీళ్ళగుంత తవ్వి ట్యాంకర్లతో నింపారు. తాగడానికి నీళ్ళు లేని ఊళ్ళో లక్ష్మీదేవి కాళ్ళు కడుక్కోవడానికి గుంత! ఆ గుంత అడ్డమై లారీ లోపలికి రాలేక గేటు బయటే ఆగిపోయేది. అక్కడినుంచి మస్తాన్ వాళ్ళు బండను భుజాన వేసుకుని, గుంత చుట్టి, రెండు మిషన్లూ దాటి, బరువు కోసమని నైరుతిలో పేర్చేవాళ్ళు. కోత కోసం మళ్ళీ ఎత్తేవాళ్ళు. టిక్కు, టిక్కు. మూలలు ఊడిన బండలు సగం ధరకు పోయాయి. లారీలు ఎదురుచూసి ఎదురుచూసి పక్క యూనిట్లకు మళ్ళాయి. ఒకనాడు గుంత పక్కన బురదలో కాలుజారి మస్తాన్ పాదం మీద బండ పడింది. ఆయన మళ్ళీ మోతకు రాలేదు. ఆటోలో ఎక్కించేటప్పుడు సార్ చెయ్యి పట్టుకుని, "నడుము మిగిలింది సార్, కాలే పోయింది," అన్నాడు.  సార్ నోరు మూతపడగా నేను చూసింది ఆ ఒక్కసారే.

సిద్ధాంతిని మళ్ళీ పిలిచారు. గేటు జరిపారు, బండలు జరిపారు, నీళ్ళు జరిపారు. యూనిట్‌లో జరపడానికి ఇంకేం మిగిలింది? ఆయన మేనేజరు బల్లమీద దిక్సూచి పెట్టి, పెదవి విరిచి, ఓనరు చెవిలో ఏదో చెప్పాడు. మర్నాడు నాగభూషణం అందరిముందూ, "ఏమనుకోవద్దప్పా ఓబులేసూ, నీ పేరుకూ ఈ స్థలానికీ పొసగలేదంట," అన్నాడు. తొలగించడానికి అంతకన్నా మంచి కారణం కూడా వెతుక్కోలేదు, నీచుడు. అవును, నీచుడే. ఇన్నాళ్ళకైనా ఆ మాట రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

సార్ క్యారేజీ తీసుకుని బయల్దేరాడు. ఎన్నో ఏళ్ళ అలవాటు కదా, కాళ్ళు నైరుతి వైపే నడిచాయి. పేర్చిన బండల వెనక కొత్త గోడ కనబడేదాకా ఆయనకు గుర్తు రాలేదు. అక్కడ ఒక్క క్షణం నిలబడ్డాడు. వెనక్కి తిరిగి, అందరూ చూస్తుండగా, మిషన్లు దాటుకుని, గుంత చుట్టి, ఆవరణంతా నడిచి రావాల్సి వచ్చింది. నా దగ్గరికొచ్చేసరికి ఆయాసపడుతున్నాడు.

"చూసినావా పాపా, నన్ను గూడా చుట్టు తిప్పించినారు."

ఆ యూనిట్ తర్వాత ఎక్కువకాలం నడవలేదు. మిషన్లు ఇనుప సామాన్లవాడు పట్టుకుపోయాడు. "వాస్తు ముందే చేయించి ఉంటే నిలబడేది," అని నాగభూషణం ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెబుతుంటాడు. ఓబులేసు సార్‌ను మాత్రం ఇంకే యూనిట్ పిలవలేదు. అచ్చిరాని మనిషని పేరు పడింది. ఫ్యాక్టరీలు నిలబెట్టే మనిషి ఎరువుల అంగట్లో చీటీలు రాసుకుంటూనే కన్నుమూశాడు. నేను చివరిసారి ఆయన్ని చూడ్డానికి ఆ అంగటికి పోయినప్పుడు కూడా, లారీ నుంచి బస్తాలు దించుతున్నవాళ్ళను చూసి, "రెండు తూర్లు ఎత్తుతాండారు చూడు, ఎద్దులు," అని నాతో గొణిగాడు.

ఇప్పుడు నేను ఇంకో యూనిట్‌లో మేనేజర్ని. చేరిన ఏడాదే ఇక్కడ క్వారీ దారికి గేటు పెట్టించాను. ఇక్కడా ఆ దారి తగిలేది నైరుతిలోనే. నిన్న బండ ఊరికే పగల్లేదు. సిద్ధాంతి వస్తున్నాడని మా ఓనరు ఆ గేటుకు తాళం వేయించి, లారీని ముందు గేటు దగ్గరే ఆపించాడు. నేను అన్నం వదిలేసి ఆయన దగ్గరికి పోయాను. "బండకు దిక్కులు తెలీవన్నా, దూరం తెలుస్తాది," అన్నాను.

"మీరు చర్చికి పోయి ప్రార్థన చేసుకునేవాళ్ళు లేమ్మా, మీకు ఇవి తెలీవు," అని ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు.

సాయంత్రం సిద్ధాంతి వచ్చాడు. ఆయనే. జుట్టుకు రంగు వేశాడు, చేతిలో అదే దిక్సూచి. నైరుతి గేటు చూసి చెవులు మూసుకున్నాడు. తర్వాత నా గదిలోకి వచ్చి, నా బల్లమీద దిక్సూచి పెట్టి, నన్ను కాకుండా ఓనర్ని అడిగాడు.

"ఈ మేడం ఏ దిక్కు చూసి కూర్చుంటుంది?"

"బండ పోయే దిక్కు," అన్నాను నేను.

క్యారేజీ సర్దుకుని, తాళంచెవి అడిగి తీసుకుని, నైరుతి గేటు నా చేత్తోనే తెరిచాను. అక్కడ గోడ ఇంకా కట్టలేదు. ఆ గేట్లోంచే ఇంటికి పోయాను.