నూర్పిడి మిషను వంశచరిత్ర

మేం అమ్మేది నీళ్ల పంపులు. అయినా దజీజ్ అనే గల్ఫు పేటలోని మా షోరూం నడిమధ్యన మనిషెత్తు నూర్పిడి మిషను ఒకటి మెరుస్తూ నిలబడి ఉండేది. ఆ ఎడారిలో నూర్చడానికి ఇసక తప్ప ఏముంది? నేనున్న మూడేళ్లలో దాన్ని కొన్న మహానుభావుడు లేడు. గొప్ప కోసం పెట్టాడు మా కఫీల్, అంటే మమ్మల్ని పనికి రప్పించుకున్న అరబ్బు యజమాని.

ఆ గొప్ప ఏమిటంటే, దాన్ని చేసింది ఇంగ్లండులో ఒకే కుటుంబం. విక్టోరియా రాణి కాలంలో ఒక కమ్మరాయన కర్రులు సాగగొట్టాడు. కొడుకు ఆవిరి ఇంజను తగిలించాడు. మనవడు డీజిలు పోశాడు. మునిమనవడు చరిత్ర పుస్తకం అచ్చు వేయించాడు. ఆ తర్వాతివాళ్లు ఏం చేశారో పుస్తకంలో లేదు, బహుశా భోంచేశారు. ఈ వంశచరిత్ర విన్నాకే ఎవరైనా మిషను మీద చెయ్యి వెయ్యాలని కఫీల్ శాసనం. చెప్పేవాణ్ణి నేను. సొంత ముత్తాత పేరు తెలియని నాకు ఆ దొరల తరాలన్నీ కంఠతా వచ్చు!

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఇరాక్ సైన్యం దిగింది. కఫీల్ ఆ పొద్దునే కారెక్కి సౌదీకి ఉడాయించాడు. మా పదకొండుమంది పాస్‌పోర్టులు ఆయన దాచినచోటే ఉండిపోయాయి. అవి లేకుండా సరిహద్దు దాటలేం, ఇల్లు చేరలేం. దాస్తే ఆఫీసులోని ఇనప్పెట్టెలోనే దాచి ఉండాలి, దాని తాళం ఆయన జేబులో. సుత్తితో బాది బాది చేతులు బొబ్బలెక్కాయి గాని పెట్టె కదల్లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, కూచుని ఏడ్చాను.

వారం తిరక్కుండా లారీ వేసుకుని సైనికులు దోపిడీకి వచ్చారు. వాళ్ల ఆఫీసరు మిషను మీద చెయ్యి వేశాడు. అలవాటు పాడుగాను, నా నోరు దానంతటదే తెరుచుకుంది. "విక్టోరియా రాణి కాలంలో ఒక కమ్మరి..." అని అరబీలో మొదలెట్టాను.

మా రాయచోటి డ్రైవరు నా చొక్కా పట్టి లాగాడు. "నీకేమన్నా పిచ్చి పట్టిందేందిరా? దోచుకోను వచ్చినోళ్లకు గూడా కత జెప్తాండావే!"

ఆఫీసరు మాత్రం బుద్ధిగా విన్నాడు. రైతుబిడ్డట. వాళ్ల తాత దగ్గరా ఈ కంపెనీ మిషనే ఉండేదట. "నడిచిన రోజులకంటే ఆగిన రోజులే ఎక్కువ. దీనికి గ్యారంటీ ఉందా?" అని గద్దించాడు.

దోచుకునేవాడికి గ్యారంటీ! నవ్వు దిగమింగుకుని, "ఉంది సార్, ఆ పెట్టెలో" అన్నాను.

"యల్లా, కానివ్వండి!" అన్నాడు సైనికులతో. ఇద్దరు సైనికులు గడ్డపారలతో అరగంట చెమటోడ్చి తలుపు పెకలించారు. నేను గబుక్కున తల దూర్చాను. లోపల ముఖమల్ గుడ్డలో భద్రంగా చుట్టిన వంశచరిత్ర పుస్తకాలు. ఇంకేమీ లేవు. ఆఫీసరు ఒక పుస్తకం తీసి, అట్ట మీది గడ్డం దొరను చూసి, "ఖలాస్" అంటూ దాన్నే గ్యారంటీగా చంకలో పెట్టుకున్నాడు.

తర్వాత మిషను తోశారు. చక్రం కదలకుండా కఫీల్ ఎప్పుడో కింద దోపిన పాత పేపరు పొట్లం ఒకటి చితికి బయటపడింది. డ్రైవరు దాన్ని విప్పి కెవ్వుమన్నాడు.

"ఒరేయ్, మనయే రా!"

పదకొండూ ఉన్నాయి. అడుగున ఉన్నది నాది.

డ్రైవరు ఏడుస్తూ వాటిని కళ్లకద్దుకున్నాడు. నాకు కఫీల్ మీద ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టబోయి ఆగిపోయాను. మూడేళ్లుగా రోజూ పొద్దున ఊడ్చేటప్పుడు, పక్కకు జరిగిన ఆ పొట్లాన్ని కాలితో తన్ని చక్రం కిందికి దోపింది నేనే.