హారన్ కొట్టని మలుపు

నిన్న సాయంత్రం బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడింది. నా ముందు ఆగిన లారీ ఎంత దూరం నుంచి బ్రేకులు తొక్కుకుంటూ వచ్చిందో గానీ, కాలిన వాసన గుప్పుమంది. పక్కన స్కూటర్ మీదున్నావిడ చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం కారు అద్దం దింపి ఆ వాసనను ఇంకాస్త లోపలికి రానిచ్చాను. మల్లెపూల వాసనకో, కాఫీ పొడి వాసనకో పోయిన మనుషులు గుర్తొస్తారని అందరూ చెప్పుకుంటారు. నా ఖర్మకు నాకు కాలిన బ్రేకుల వాసనకు మా సీనియర్ ప్రేమలత గారు గుర్తొస్తారు. ఈ మాట ఆవిడ వింటే, "పోనీలేమ్మా, మాడిన పప్పు వాసన కాలేదు, సంతోషం" అని ఉండేవారు. ఆవిడకు వంట రాదు.

ప్రేమలత గారి ఆఫీసు గవర్నర్‌పేటలో, ఒక పాత లాడ్జి పక్కన మేడ మీద ఉండేది. సివిల్ లాయరు. పొలం గట్ల తగాదాలు, దారి హక్కులు, అన్నదమ్ముల పంపకాలు, ఇవే ఆవిడ కేసులు. చల్లపల్లిలో బడిపంతులు గారి అమ్మాయి. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని క్లయింట్ల ఇళ్లలో ఆడవాళ్లు ధైర్యం చేసి అడిగితే, "వాయిదాల మీద వాయిదాలు పడి చివరికి కేసు కొట్టేశారమ్మా" అని తేల్చేసేవారు. నేను లా చదివి ఆవిడ దగ్గర జూనియర్‌గా చేరేనాటికి ఆవిడకు అరవై దాటాయి. కూచిపూడి పక్క పల్లెటూరి నుంచి వచ్చిన నాకు ఒకటే విద్య బాగా వచ్చు, ఎదుటివారు ఏది వినాలనుకుంటారో అది చెప్పడం. మా ఇంట్లో పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పడమంటే అన్నం పళ్లేన్ని కాలితో తన్నడమే. "అవునండీ", "మీరన్నట్టేనండీ" అనే రెండు మాటలతోనే పట్టా పుచ్చుకునేదాకా నెట్టుకొచ్చాను.

ఆవిడ కారు చూసి మొదటిరోజే బిత్తరపోయాను. పసుపుపచ్చ రంగు స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, నేలకు ఆనుకున్నంత ఎత్తు. హైదరాబాదులో ఒక డాక్టరు గారు మోకాళ్ల నొప్పులొచ్చి అమ్మేస్తుంటే కొనుక్కున్నారట. తెల్ల చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, పీట మీద భోజనానికి కూర్చున్నట్టు అందులో కూర్చునేవారు. కోర్టుకూ అదే, కూరగాయలకూ అదే, ఆదివారం చర్చికీ అదే. వెనక ఉన్న కాస్త ఖాళీలో కేసు కట్టలు, నల్ల గౌను, గొడుగు, క్లయింట్లు ఇచ్చిన వంకాయలు కలిసి దొర్లుతుండేవి. ఊళ్లో ఏ స్పీడు బ్రేకరును ఎంత ఏటవాలుగా ఎక్కాలో ఆవిడకు కంఠతా వచ్చు. కోతల కాలంలో డెల్టా రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తే, కారు ఆపి, రైతు చీపురుతో దారి చేసేదాకా ఎండలో నిలబడేవారు. "ఆయన ఆరునెలల కష్టం మీద నుంచి నా టైరు పోనిస్తానా?" అనేవారు.

కారులో అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది మాత్రం హారన్. సైకిలుకు ఒక మోత, లారీకి ఒక మోత, గేదెలకు సాగదీసి ఇంకో మోత. మలుపు కనిపిస్తే చాలు, బొటనవేలు దాని మీద ఉండేది. ఒకసారి నేను చెవులు మూసుకుంటే నవ్వారు. "ఒకరింటికి వెళ్తే గుమ్మం బయటి నుంచి 'ఏవండీ' అని పిలుస్తామా లేదా? ఇదీ అంతేనమ్మా. మర్యాద." ఇంకొకరు నడిపే బండిలో మాత్రం ఆవిడ పక్కన కూర్చోలేకపోయేవారు. ఆటోలోనైనా సరే, లేని బ్రేకును కాలితో తొక్కుతూనే ఉండేవారు. దిగాక పిక్క పట్టేసిందని మసాజు చేసుకునేవారు.

ఒకరోజు చల్లపల్లి నుంచి తిరిగి వస్తున్నాం. కాలవ లాకుల దగ్గర మలుపులో ముందు గడ్డి ట్రాక్టరు పోతోంది. ఆవిడ అలవాటుగా హారన్ కొట్టి పక్కకు తీశారు. ఆ ఇంజను హోరులో డ్రైవరుకు ఏం వినపడుతుంది? మలుపు తిరుగుతూ తనూ కుడికే జరిగాడు. మా కారు గట్టు అంచుకు పోయి, ముందు టైరు మట్టిలో దిగబడి ఆగింది. నా వైపు అద్దంలో గడ్డి, ఆవిడ వైపు అద్దంలో కాలవ నీళ్లు. మాకు గీత కూడా పడలేదు. ఊళ్లోవాళ్లు వచ్చి కారును బయటకు లాగారు. కానీ కబురు మాకంటే ముందే బెజవాడ చేరింది. సాయంత్రానికి ఆవిడ తమ్ముడు శామ్యూలు గారు ఆఫీసుకొచ్చి కూర్చున్నారు.

"అక్కా, కంట్లో శుక్లాలు తీయించుకుని ఏడాదైనా కాలేదు. ఆ తాళం ఇటిచ్చెయ్. నీకు ఏమన్నా అయితే మాకెవరు?"

"కళ్ల డాక్టరు నడపొచ్చనే అన్నాడు కదరా. ట్రాక్టరు తప్పేమో?"

ఆయన నా వైపు తిరిగారు. "నువ్వున్నావు కదమ్మా పక్కన. నువ్వు చెప్పు."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. "ట్రాక్టరు అడ్డం వచ్చిందండీ" అన్నాను. అది అబద్ధం కాదు. నిజం కూడా కాదు. ప్రేమలత గారు నా ముఖంలోకి చాలాసేపు చూశారు. జడ్జి ముందు తడబడిన సాక్షిని చూసే చూపు అది.

రెండు వారాల తర్వాత ఆవిడే ఒక ఉపాయంతో వచ్చారు. చెన్నై అవతల రేసు ట్రాకు ఉందట. అప్పుడప్పుడూ మామూలు మనుషులు కూడా తమ సొంత కార్లు తెచ్చుకుని నడుపుకోవచ్చట. నేర్పేవాళ్లు ఉంటారు, పోటీ ఏమీ ఉండదు. "ఈ వయసులో రేసేంటండీ?" అన్నాను.

"రేసు కాదమ్మా, విచారణ. మన రోడ్ల మీద తప్పెవరిదో ఏనాటికీ తేలదు. గేదెది కావచ్చు, ట్రాక్టరుది కావచ్చు, మునిసిపాలిటీది కావచ్చు. అక్కడ ఎదురొచ్చే బండి ఉండదు, గుంట ఉండదు. అక్కడ తప్పు జరిగితే అది నాదే. నువ్వు పక్కన కూర్చో. నడపొచ్చో కూడదో నువ్వే చెప్పాలి. కూడదన్నావా, తాళం అక్కడికక్కడే నీ చేతిలో పెడతాను."

"నేనా అండీ?"

"నువ్వే. తమ్ముడు ప్రేమతో చెప్తాడు, డాక్టరు మొహమాటంతో చెప్తాడు. నిజం చెప్పడం నీకెలాగూ నేర్పాలి కదా."

ఆ ప్రయాణమంతా నాకు ముద్ద దిగలేదు. ఆవిడకు ఆ కారు ఏమిటో నాకు తెలుసు. ఏ వేళకైనా ఎవరినీ అడగకుండా గుమ్మం దాటగలగడం, అదీ ఆ కారు. దాన్ని నా నోటితో లాక్కోవాలి. లేదా నోరు మూసుకుని, ఇంకో మలుపులో ఆవిడను కాలవకు అప్పగించాలి.

ట్రాకు దగ్గర మొదట కారు ఖాళీ చేయమన్నారు. కుదుపుకు ఎగిరే వస్తువేదీ లోపల ఉండకూడదట. కేసు కట్టలు, గొడుగు, గౌను, బందరు లడ్డూల డబ్బా, మా అమ్మ దిష్టికని కారు ముందు కట్టిన నిమ్మకాయ దండ, అన్నీ సిమెంటు గట్టు మీద పరిచేసరికి అదొక చిన్న సంతలా తయారైంది. మెరిసే కార్ల కుర్రాళ్లు వచ్చి చూసిపోయారు. ఆవిడ తన జీవితంలో మొదటిసారి చుడీదార్ వేసుకున్నారు, కింద కోర్టు బూట్లు. హెల్మెట్ పెట్టుకుని అద్దంలో చూసుకుని, "జడ్జి గారు చూస్తే నా గుమాస్తా అనుకుంటారు" అన్నారు. నేర్పడానికి వచ్చినాయన తెలుగాయనే, నెల్లూరు వైపు మనిషి. జెండాల అర్థాలు, ఎక్కడ దాటాలో ఎక్కడ దాటకూడదో ఓపిగ్గా చెప్పారు. ఆవిడ నోటీసు చదివినట్టు శ్రద్ధగా విన్నారు.

మొదటిసారి వెళ్లాం. మొదటి మలుపు కనబడగానే మా హారన్ మోగింది. రెండో మలుపుకూ మోగింది. ముందు ఎర్ర కారు కనిపిస్తే దాని వెనక ఆగకుండా మోగింది. ఎర్ర కారు కదల్లేదు. మేము దాదాపు దాని మీదికి పోయి, ఆఖరి నిమిషంలో ఆవిడ బ్రేకు మీద నిలబడ్డారు. కాలిన వాసన లోపలికి కమ్ముకుంది. మలుపు దగ్గర జెండా పట్టుకున్న మనిషి మాకేదో ప్రమాదం వచ్చిందనుకుని చేతులూపుతూ బయటకు రమ్మన్నాడు. మేము వచ్చి ఆగేసరికి కుర్రాళ్లు నవ్వు ఆపుకుంటున్నారు.

నెల్లూరాయన నవ్వలేదు. "మేడమ్, ఇక్కడ అందరూ హెల్మెట్లలో ఉంటారండి. మీ హారన్ ఎవరికీ వినపడదు. ముందున్నాయన చెయ్యి చూపితేనే మీరు దాటాల" అని చెప్పి మరో కారు దగ్గరకు వెళ్లిపోయారు.

ఆవిడ హెల్మెట్ తీసి గట్టు మీద లడ్డూల డబ్బా పక్కన కూర్చున్నారు. చెంపల మీద చెమట. "చెప్పు. ఎలా నడిపాను?"

"బాగానే నడిపారండీ. కొత్త కదండీ..."

"పద్మా." ఆవిడ ఎప్పుడూ నన్ను పేరు పెట్టి పిలవరు, అమ్మా అనే అంటారు. "నాకు ఇంకెవ్వరూ చెప్పరు."

ఆ మాటతో నాలో ఏదో తెగింది. "భయమేసిందండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "లాకుల దగ్గర కూడా భయమేసింది. మీరు చూడటం లేదండీ. హారన్ కొడుతున్నారు, ఇక వాళ్లే చూసుకుంటారని వదిలేస్తున్నారు. ఆ ట్రాక్టరు మలుపు తిరుగుతోందని నాకు కనిపించింది. మీకూ కనిపించాల్సింది. కానీ మీరు అప్పటికే హారన్ కొట్టేశారు కదా, ఇంకేం చూస్తారు?"

పెద్దావిడను, అన్నం పెట్టిన మనిషిని ఇంత మాట అన్నాను. ఆవిడ లడ్డూ ఒకటి తీసి సగం నాకిచ్చి సగం తను తిన్నారు. తిని, గట్టు మీది సామాన్లలో వెతికి, కోర్టులో మెడకు కట్టుకునే తెల్ల బ్యాండు తీసి తన కుడి బొటనవేలికి చుట్టుకున్నారు. "ఈ వేలు ముప్పయ్యేళ్లుగా వాదిస్తోందమ్మా. కాసేపు నోరు మూయిద్దాం. పద."

ఆ రెండోసారిని నేను ఎప్పటికీ మరచిపోను. బ్యాండు కట్టిన వేలు రెండు మూడుసార్లు హారన్ దాకా పోయి వెనక్కి వచ్చింది. ఆ తర్వాత ఆవిడ తల కాస్త పైకి లేచింది. మలుపు రాకముందే కళ్లు మలుపు అవతలికి వెళ్లడం పక్క నుంచి నాకు కనిపించింది. బ్రేకు ముందే పడింది, మెల్లగా. ముందున్న నీలం కారు వెనక మర్యాదగా ఉండి, ఆయన కిటికీలోంచి చెయ్యి చూపాక దాటారు. దాటుతూ చెయ్యెత్తి దండం కూడా పెట్టారు, ఆ కారాయన ఏమనుకున్నాడో మరి. వేగం మొదటిసారి కన్నా ఎక్కువే ఉంది. నా పిడికిళ్లు ఎప్పుడు విడిపోయాయో నాకు తెలియదు.

"ఇప్పుడు?" అన్నారు కారు ఆపి, నా వైపు చూడకుండా.

"నడపొచ్చండీ" అన్నాను. ఈసారి అది ఆవిడ కోసం అన్న మాట కాదు. నా ప్రాణం లేచొచ్చింది. ఆవిడ స్టీరింగు మీద తల ఆనించి, హెల్మెట్ లోపలే, "స్తోత్రం ప్రభువా" అనుకోవడం వినిపించింది. అంతవరకూ ఆవిడకూ భయమేసిందని అప్పుడు గానీ నాకు తెలియలేదు.

చెన్నై నుంచి బెజవాడ దాకా హారన్ మోగలేదంటే శామ్యూలు గారు నమ్మలేదు. ఆ తర్వాత కోర్టులో నేను గొంతు పెంచినప్పుడల్లా వెనక బెంచీ నుంచి ఆవిడ మెల్లగా "హారన్" అనేవారు. నిజంగా చెప్పాల్సింది లేనప్పుడే నేను అరుస్తున్నానని నాకు అర్థం కావడానికి ఒక సంవత్సరం పట్టింది. ఒప్పందం మాత్రం అలాగే ఉంది. ఎప్పుడైనా కూడదనిపిస్తే నేను చెప్పాలి. ఆవిడ పక్కన కూర్చున్న ప్రతిసారీ ఈరోజే ఆ రోజేమోనని బెంగపడేదాన్ని.

ఆ రోజు వచ్చింది గానీ నా నోటి నుంచి రాలేదు. ఒక ఉదయం ఆవిడ ఆఫీసుకు నడిచి వచ్చారు. తాళం తీసి నా బల్ల మీద పెట్టారు. "నిన్న ఏలూరు రోడ్డులో ఒకాయన స్కూటరు ఆపి నాకు దారిచ్చాడమ్మా. ఆయన నన్ను చూశాడు. నేనే ఆయన్ని చూడలేదు. తీర్పు నేనే రాసేసుకున్నాను. నువ్వు బతికిపోయావు పో."

క్లయింట్ల ముందే నాకు ఏడుపొచ్చింది. అది బాధతో వచ్చిన ఏడుపు కాదు, ఎన్నేళ్లుగానో మోస్తున్న బరువు దిగిన ఏడుపు. "చాల్లే, చల్లపల్లిలో వాయిదా ఉంది, పద" అన్నారు. "నువ్వే నడుపు. హారన్ కొట్టావో, దిగిపోతాను."

కరకట్ట మీద ఎండ, గాలికి ఊగే చెరుకు. మొదట లేని బ్రేకును ఆవిడ కాలితో తొక్కుతూనే ఉన్నారు, ఓరగా చూస్తున్నాను. లాకుల మలుపు వచ్చింది. ముందు ట్రాక్టరే ఉంది. నేను వెనకే ఉన్నాను. మలుపు దాటి, దారి తిన్నగా కనబడి, డ్రైవరు చెయ్యి ఊపాక దాటాను. గుండె నిండా గాలి పీల్చుకుని, "ఎలా నడిపానండీ?" అన్నాను.

తిరిగి చూస్తే ప్రేమలత గారు తల పక్కకు వాల్చి హాయిగా నిద్రపోతున్నారు. చల్లపల్లి వచ్చాక నేను లేపేదాకా ఆ కాలు కదల్లేదు.

ఆవిడ పోయి ఇప్పటికి చాలా కాలమైంది. ఈ పసుపు కారు నాతో ఉంది. ఎన్నో కేసులు గెలిచాను, మంచి మాటలు చాలానే విన్నాను. అంత మంచి తీర్పు మాత్రం నాకు మళ్లీ రాలేదు.