ఎర్ర చెయ్యి మీద నా బొమ్మ

“ఆ మూత నాదేనే. నా బియ్యం డబ్బాది.”

“ఊర్లో ఉన్న మూతలన్నీ నీవేటి? రేకు మూతకి పేరు రాసుంటాదా?”

“పిడి సూడు. మీ బావ సైకిలు బ్రేకు ఇరగ్గొట్టి ఏసిన పిడి. నాను గుర్తుపట్టనా?”

“అలాటి పిడులు తుక్కులో బోల్డు. ముందు కళ్లకి ఆపరేసన్ సేయించుకో అప్పా. బొమ్మలు తర్వాత సూద్దువు.”

మొన్న సాయంత్రం గాజువాకలో మా ఇంటి అరుగు మీద జరిగిన గొడవ ఇది. అప్ప అంటే మా పెద్ద తోడికోడలు. నేను వేసిన బొమ్మలను మనవరాలు ఫోనులో పెడితే, అందులో ఈ మూత చూసి పరవాడ నుంచి షేర్ ఆటోలో వచ్చేసింది. నేను ఒప్పుకోలేదు. ఏడుస్తూ వెళ్లిపోయింది.

ఆ మూత ఆమెదే. పాతికేళ్లుగా ఈ మాట మోస్తున్నాను. మీరు మా వీధివారు కారు కనుక మీకు చెబుతున్నాను. క్షమించమని మాత్రం అడగను.

నేను మూడో తరగతి దాకానే చదివాను. బొమ్మలు ఎవరూ నేర్పలేదు. డ్రమ్ము మూతలు, పగిలిన హెల్మెట్లు, చిల్లుపడిన చేటలు ఏరుకొచ్చి, వాటి మీద నేను చూసినవి, పడిన కష్టాలు వేస్తాను. గేట్లకు రంగులేసేవాళ్లు డబ్బా అడుగున వదిలేసిన రంగే నాకు రంగు. కాగితం ఏనాడూ కొనలేదు. కొనను.

అప్పట్లో అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. బావగారు హార్బర్లో ఓడలకు రంగులేసేవారు. అడుగుపూతకు వాడే ఎర్రరంగు ఒకరోజు ఇంటికి తెస్తే, వాళ్ల నాలుగేళ్ల పిల్ల అందులో చెయ్యి ముంచి బియ్యం డబ్బా మూత మీద చరిచింది. ఐదు వేళ్లూ పడ్డాయి. అప్ప దాని వీపు మీద ఒకటిచ్చింది కూడా. ఆ వానాకాలమే జ్వరం వచ్చి పిల్ల పోయింది. ఆ తర్వాత అప్ప బియ్యం తీసినప్పుడల్లా, ఆ గుర్తు మీద తన చెయ్యి ఆనించి, కాసేపు ఉండి, అప్పుడు మూత తీసేది. వంట ఆలస్యమైనా ఎవరూ ఏమీ అనేవారు కాదు.

రెండేళ్లకు, కూతురి తర్వాత, నాకు కొడుకు పుట్టాడు. మూడు రోజులున్నాడు. పురిటిస్నానం కాలేదు, పేరు లేదు. “పేరెట్టని బిడ్డకి ఏడవకూడదే, ఇంటికి మంచిది కాదు” అంది అత్త. ఏడవలేదు. వాడిది నాకు ఏం మిగిలింది? గుడ్డపీలిక కూడా లేదు.

ఇళ్లు వేరుపడిన రోజు ఆ మూత మా గిన్నెల మధ్య చేరింది. అక్కడి వరకు పొరపాటే. అప్ప ఎక్కడెక్కడో వెతికింది. పాత ఇనుము కొనేవాడే ఎత్తుకుపోయాడని వాణ్ణి నడివీధిలో నిలబెట్టి దుమ్మెత్తిపోసింది. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. వాడు మళ్లీ మా వీధికి రాలేదు.

తర్వాత ఆ మూత మీద నా బొమ్మ వేశాను. ఆసుపత్రి బల్ల మీద నేను, తువ్వాలులో వాడు. మంచి రేకు, పారేయడం దేనికి అనుకున్నానని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. పిసినారినని పేరున్న దాన్ని కనుక ఆ మాట నాకే నిజమనిపించేది. కాదు. పెరట్లో ఇంకో నాలుగు మూతలున్నాయి. మరి దాన్నే ఎందుకు తీశాను? ఆమె బిడ్డకు ఈ లోకంలో జానెడు చోటుంది, నా వాడికి లేదు, ఆ చోటే కావాలనుకున్నానా? అనుకున్నాను. వాడి బొమ్మ వేసినందుకు సిగ్గుపడను. అది మంచి బొమ్మ, ఇప్పటికీ అదే అంటాను.

అసలు తప్పు ఇంకొకటుంది. రేకు మీద రంగు నిలవాలంటే పాత పూతను ముందు ఉప్పు కాగితంతో రుద్ది తీసెయ్యాలి. బొటనవేలు దగ్గర మొదలెట్టాను. చిటికెనవేలు దగ్గరకు వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. ఆగి, మళ్లీ రుద్దాను.

గొడవ జరిగిన మర్నాడు పొద్దున్నే అప్ప మళ్లీ వచ్చింది. బావగారి పనిసామానులోంచి రంగు ఊడగొట్టే మందు సీసా తెచ్చింది. తిట్టలేదు.

“నీ బొమ్మ పోతే పోనీయే. కింద మా పిల్ల సెయ్యుంటాది. ఓపాలి సూసుకుంటాను.”

నేను ఊరుకుంటే చాలు, పిల్ల చెయ్యి కూడా మందుకే ఊడిపోయిందనుకుంటుంది, నేరం ఆ మందు మీదికి పోతుంది. పాత ఇనుమువాడి మీదికి పోలేదా? అలాగే.

“మూత నీదే అప్పా. కింద ఏటీ నేదు. నానే రుద్దీసినాను.”

“తెలకా?”

“తెలిసే.”

ఆ మాట బయటికొచ్చాక ఊపిరి నిండా తీసుకోగలిగాను. అంతే.

అప్ప నన్ను నమ్మిందో లేదో తెలియదు. అరుగు మీద చతికిలబడి, గుడ్డకు మందు తడిపి రుద్దడం మొదలెట్టింది. బల్ల పోయింది. నేను పోయాను. తువ్వాలు పోయింది. మూత జారుతుంటే నేనే అంచు పట్టుకున్నాను. తెల్లటి రేకు తేలింది. అప్పుడు చెయ్యి ఆపింది. మూత సంచిలో పెట్టుకుని, పరవాడ ఆటో ఎక్కి వెళ్లిపోయింది.