సీఎస్సార్ గారికి చామంతి దండ

దగ్గరికి జరిగి కూర్చోండి అమ్మా, అప్పా. నవ్వొచ్చే మాటొకటి చెబుతాను.

కరోనా తగ్గిన మరుసటి ఏడు. మదనపల్లె టమాటా గుజ్జు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సూపర్‌వైజర్‌గా ఉన్న నన్ను కుప్పం యూనిట్‌కు వేశారు. లాభంలో కొంత జనం మేలుకు ఖర్చు పెట్టాలని పెద్ద కంపెనీలకు చట్టం ఉంది. ఆ ఖర్చునే ఆఫీసులో సీఎస్సార్ అంటారు. దాంతో శాంతిపురం దగ్గరి ఒక ఊరికి మంచినీళ్ల ప్లాంటు ఇవ్వాలనుకున్నారు. స్థలం మా కంపెనీకి టమాటాలు వేసే రైతు మునెప్పది. ఆయన సంతకం పెట్టకుంటే మిషను వేరే ఊరికి పోతుంది. ఆయన కోడలు రాధమ్మ రోజూ మెయిన్ రోడ్డు దాకా పోయి నీళ్ల క్యాన్లు మోసుకొచ్చేది.

ఊళ్లవాళ్లతో మాట్లాడే పని నాకప్పజెప్పారు. ముందు నేనే వెళ్లి, సీఎస్సార్ కింద నీళ్లొస్తాయని చెప్పొచ్చాను. మన వైపు పెద్దమనుషుల్ని పొడి అక్షరాలతోనే పిలుస్తాం కదా, అది నాకు తట్టలేదు. ఆఫీసరుతో కలిసి వెళ్లేసరికి పలక డప్పులు మోగుతున్నాయి! మునెప్ప పుంగనూరు నుంచి తెప్పించిన చామంతి దండ పట్టుకుని కారులోకి తొంగి చూశాడు.

“సీఎస్సార్ యాడమ్మా? కార్లో లేడే?”

“సీఎస్సార్ మనిషి కాదు పెద్దాయనా,” అన్నాడు ఆఫీసరు.

“మనిషి లేడా! పొయినాడా పాపం? రేయ్, పలకలు ఆపండ్రా!”

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆఫీసరు చట్టమంతా విప్పి చెప్పాడు. మునెప్ప ముఖం ముడుచుకుంది.

“ఇచ్చే మనిషే లేకుంటే ఎవురికి మర్యాద సేసేది? ఊరికే వచ్చింది తాగే వంశం గాదప్పా మాది,” అని సంతకానికిచ్చిన పెన్ను వెనక్కిచ్చేశాడు. ఆఫీసరు కాగితాలు సర్దుకున్నాడు.

రాధమ్మ చంకలోని క్యాను దించింది. “ఊరికే యాడ వస్తాండాది మామా? టమాటాలో ఉండేది నీళ్లే గదా! మన తోట నీళ్లు పిండుకోని కంపెనీ బాగుపడె. ఆ నీళ్లే తిరిగొస్తాండాయి. మర్యాద సేయాలంటే దానికి సెయ్యి!” అని అరుగు మీది టమాటా బాక్సును చూపింది.

“అవునే, రేటు ఎక్కిస్తా దించతా ఏడాదంతా మనల్ని ఆడిచ్చే మారాజు అదే గదా!” అని రాధమ్మ అత్త పగలబడి నవ్వింది. మునెప్ప మీసాలు నవ్వుతో అదిరాయి. దండ బాక్సు మీద పడింది, పలకలు మళ్లీ మోగాయి, కాగితం మీద సంతకమూ పడింది. బాక్సుకు ఆఫీసరు కూడా దణ్ణం పెట్టాడు!

ఇచ్చేది ఒకటే అయినా, పుచ్చుకునేవాళ్లు తమ విలువల్ని బట్టే దాన్ని చూస్తారు. అందుకే రిటైరయ్యేదాకా నేను ఏ ఊళ్లోనూ ఆ అక్షరాలు ఎత్తలేదు. వెళ్లిన ప్రతి ఊళ్లో, అక్కడి నుంచి కంపెనీ ఏం తీసుకుంటోందో ముందు చెప్పి, ఏమిస్తుందో ఆ తర్వాత చెప్పేదాన్ని.

మీ పొయ్యి మీద పాలు పొంగాల. మీ పిల్లాజెల్లా, గొడ్డూగోదా చల్లగా ఉండాల.